కలబారి గదిలో చీరాల గళ్లు

కెల్లీవిల్ స్టేషన్‌లో సిటీ వైపు మెట్రో ఎక్కితే రెండో స్టాపు నార్వెస్ట్. 2019 మే 26న ఈ లైను మొదలయ్యాక సిడ్నీ వాయవ్య శివార్లకు రూపమే మారిపోయింది. ఒకప్పుడు ఆదివాసీ దారుగ్ ప్రజల నేల, తర్వాత తోటలు, పొలాలు. ఇప్పుడు వరసగా రెండంతస్తుల ఇళ్లు, పక్కనే బిజినెస్ పార్కు. 2021 జనగణన ప్రకారం ఆస్ట్రేలియా మొత్తమ్మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు అరవై వేలు. వాళ్లలో ఉద్యోగం చేసేవాళ్లతో పాటు ఆఫీసు పెట్టి పదిమందికి ఉద్యోగం ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కొత్తగా ఆఫీసు తీసుకున్నవాళ్ల ముందు డిజైనర్లు పరిచే ఫోటోల్లో ‘ఆఫ్రికన్ స్టైల్’ అని ఒకటి తగలడం ఈ మధ్య మామూలైపోయింది. మట్టిరంగు గోడలు, గోడకు అల్లిక బుట్టలు, రిసెప్షన్ వెనక పెద్ద ఈకల చక్రం, సోఫా మీద నలుపు తెలుపు గీతల దిండ్లు, ఓ మూల చెక్కిన పీట. చూడ్డానికి బాగుంటుంది, కాదనలేం. చిక్కల్లా ఆ ఫోటో కింద ఒక్క ఊరి పేరూ ఉండకపోవడమే. ఆఫ్రికా అంటే యాభై నాలుగు దేశాలు.

ఆ పేర్లేవో మనమే చెప్పుకుందాం. ఈకల చక్రం కామెరూన్ ఎత్తుభూముల్లోని బమిలెకె రాజ్యాలది. అది గోడకు తగిలించే వస్తువే కాదు, తలపాగా. రాజ దర్బారు వేడుకల్లో నాట్యం చేసేవాళ్లు పెట్టుకునేది. నార అల్లికకు కోడి ఈకలు, గిన్నీకోడి ఈకలు కట్టి చేస్తారు. పని అయ్యాక గొడుగులా ముడిచి దాచేస్తారు. నలుపు తెలుపు గీతల బట్ట మాలి దేశంలోని బమన స్త్రీలది, పేరు బొగొలాన్‌ఫిని. ముందు ఆకుల కషాయంలో ముంచి పసుపు రంగు తెప్పిస్తారు. ఆ పైన, ఎన్నాళ్లో మగ్గబెట్టిన చెరువు మట్టితో గీతలు దిద్దుతారు. అసలు తమాషా ఏమిటంటే వాళ్లు మట్టితో పూసేది బొమ్మను కాదు, బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీని. పూయకుండా వదిలిన చోట బొమ్మ మిగులుతుంది. ఆకులోని వగరు మట్టిలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. మన కాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద, బెల్లం నీళ్లలో నానిన తుప్పు ఇనుము నల్లగా తేలేది కూడా సరిగ్గా ఇందుకే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసినవాళ్లు కారు.

ఇక మూలనున్న పీట. ఘనాలోని అసాంటే ప్రజలకు పీట ఆ మనిషి ఆత్మకు నెలవు. కూర్చోనప్పుడు దాన్ని పక్కకు వాల్చి పెడతారు, వేరెవరి ఆత్మా వచ్చి కూర్చోకుండా. వాళ్ల జాతి మొత్తానికి ఆత్మ అనదగ్గది బంగారు పీట. దాని మీద రాజు కూడా కూర్చోడు. 1900లో బ్రిటిష్ గవర్నర్ ఫ్రెడరిక్ హాడ్జ్‌సన్ కుమాసీకి వచ్చి, ఆ పీట తెచ్చి తన కింద వేయలేదేమని పెద్దల్ని నిలదీశాడు. అంతే, యుద్ధం. ఎజిసు రాణీమాత యా అసాంటెవా ముందు నిలబడి నడిపింది. అసాంటే వాళ్లు ఓడిపోయారు గానీ పీట మాత్రం హాడ్జ్‌సన్‌కు దొరకలేదు. అలాంటి పీట నకలు మీద కాఫీ కప్పులు పెట్టుకునేవాళ్లకు ఈ కథ ఎవరైనా చెబితే బాగుండు.

ఇంతకీ ఈ వ్యాసం పీటల కోసం మొదలుపెట్టలేదు. ఆఫ్రికా గదుల అలంకరణలో మన చేతిపని ఒకటుంది. దాని సంగతి కెల్లీవిల్‌లో సరే, చీరాలలోనే చాలామందికి తెలియదు.

నైజీరియాలో నైజర్ నది సముద్రంలో కలిసే చోట, చిత్తడి దీవుల మీద కలబారి అనే జాతి ఉంది. చేపలు పట్టడం, వ్యాపారం వాళ్ల వృత్తులు. మగ్గం వాళ్లది కాదు. అయినా బట్ట విషయంలో వాళ్లంత పట్టింపు ఉన్నవాళ్లు అరుదు. పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి పోయిన పెద్దల దాకా ఏ సందర్భానికి ఏ బట్టో లెక్క ఉంటుంది. నిండు జీవితం గడిపిన పెద్దలు పోతే, బుగుమా లాంటి ఊళ్లలో కుటుంబపు పెద్దింట్లో గదులు అలంకరిస్తారు. వంశపు పెట్టెల్లో తరాలుగా దాచిన బట్టలు బయటికి తీస్తారు. మంచం మీద పొరలు పొరలుగా పరుస్తారు. గోడలకు కట్టి, మడతలు పెట్టి ఆకారాలు తీరుస్తారు. ఆ పనిలో చెయ్యి తిరిగిన ఆడవాళ్లు ప్రత్యేకంగా ఉంటారు. మనవైపు బొమ్మల కొలువు సర్దడానికి పిన్నిగారినో అత్తగారినో పిలిచినట్టు వాళ్లను పిలిపిస్తారు. వచ్చిన చుట్టాలు గది చూసి ఆ కుటుంబం ఎంతటిదో అంచనా వేస్తారు.

ఆ పెట్టెల్లో పరువుగల బట్ట ఒకటి, గళ్లది. ఎరుపు, నీలి, తెలుపు నూలుతో నేసిన ముతక గళ్లు. కలబారి వాళ్లు ఇంజిరి అంటారు. మద్రాసు రేవు నుంచి వెళ్లేది గనక వ్యాపారులు దానికి ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అని పేరు పెట్టారు. పేరులో మద్రాసు ఉన్నా మగ్గాలు మాత్రం కోస్తా పొడవునా ఉండేవి. ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి చీరాల చుట్టుపక్కల నేతపల్లెలు దానికి పెద్ద కేంద్రం. 1921లో మునిసిపల్ పన్ను కట్టం పొమ్మని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరే ఖాళీ చేసి వెళ్లిన చీరాల, పేరాలల పక్కనే ఈ పని సాగింది.

బట్ట ముప్పయ్యారు అంగుళాల పన్నా. ముప్పయ్యారు అంగుళాల చదరం ఒక రుమాలు. ఎనిమిది రుమాళ్లు విడదీయకుండా ఎనిమిది గజాల తాను. నూలు ముందే రంగు వేసుకోవాలి. పడుగు వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. పడుగులో రంగులు ఏ వరసలో వస్తాయో పేకలోనూ అదే వరసలో రావాలి. ఒక్క పోగు తేడా వస్తే గడి చదరం తప్పుతుంది. చదరం తప్పిన తాను ఆఫ్రికా రేవులో అమ్ముడుపోదు. అక్కడి కొనుగోలుదారు బట్టను చేత్తో నలిపి, వాసన చూసి, అసలుదో కాదో తేల్చేవాడు. మాంచెస్టర్ మిల్లులు అవే గళ్లు అచ్చంగా నేసి పంపినా, చెయ్యి తగలగానే పట్టేసేవారు. లోకానికి బట్ట అమ్మిన మాంచెస్టర్‌కు ఈ గళ్ల దగ్గర మాత్రం పప్పులు ఉడకలేదు.

కలబారి స్త్రీలు అక్కడితో ఆగలేదు. వచ్చిన బట్టను వచ్చినట్టే కట్టుకోవడం వాళ్లకు నచ్చలేదు. సూది మొనతో ఒక్కో తెల్లపోగును పైకి లేపి, బ్లేడుతో తెంపి, మెల్లగా లాగేస్తారు. ఇక్కడ రెండు పోగులు, అక్కడ నాలుగు. అలా తీసుకుంటూ పోతే పాత గళ్ల లోపల్నుంచి కొత్త ఆకృతి బయటపడుతుంది. బట్ట జల్లెడలా తేలికవుతుంది, వెలుతురుకు పట్టుకుంటే చూపు అవతలికి పోతుంది. దీన్ని పెలెటే బిటే అంటారు. చీరాల దగ్గరి వేటపాలెంలో ఒకరు పోగు పోగు చేర్చి నేసినదాన్ని బుగుమాలో ఇంకొకరు పోగు పోగు తీసి పూర్తి చేస్తారు. రెండు చేతులూ పడితే గానీ అది కలబారి బట్ట కాదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఆచార్యురాలు జోఆన్ ఐకర్, కలబారి పండితుడు టోన్యే ఎరెకొసిమాతో కలిసి ఈ బట్ట మీద 1980ల నుంచి రాసిన వ్యాసాలు లేకపోతే, ఈ సంగతి ఆ దీవులు దాటి వచ్చేదే కాదేమో.

ఇంత అందమైన కథలో ఓ చేదు భాగం ఉంది. దాన్ని దాటేసి రాయడం న్యాయం కాదు. మచిలీపట్నంలో డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వర్తక కేంద్రాలు తెరిచారు. కోరమాండల్ తీరపు నూలు బట్ట వాళ్ల ఓడల్లో యూరప్‌కు చేరి, అక్కణ్ణుంచి పశ్చిమ ఆఫ్రికా తీరానికి వెళ్లేది. అక్కడ ఆ బట్ట ఇచ్చి వ్యాపారులు కొన్నది మనుషుల్ని. 1672లో ఏర్పడ్డ రాయల్ ఆఫ్రికన్ కంపెనీ సరుకుల పట్టీల్లో భారతీయ బట్టది పెద్ద వాటా. తమ నేతగాళ్లను కాపాడుకోవడానికి 1700లోనూ 1721లోనూ బ్రిటిష్ పార్లమెంటు మన అద్దకం బట్టలను స్వదేశంలో నిషేధించింది గానీ, ఆఫ్రికాకు తిరిగి ఎగుమతి చేయడానికి మాత్రం తలుపు తెరిచే ఉంచింది. కలబారి వాళ్ల పాత రేవు కూడా బానిసల ఓడలు ఆగిన చోటే. 1807లో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించాక పామాయిల్ దాని స్థానంలోకి వచ్చింది, బట్ట మాత్రం ఆగలేదు. తన తాను ఏ లెక్కలో చెల్లుబాటైందో తీరాంధ్ర నేతగాడికి చెప్పినవాడు లేడు. అతనికి చేరింది గళ్ల నమూనా, నూలు, కూలి.

ఈ రుమాళ్లకు తోబుట్టువు తేలియా రుమాలు. ఆముదపు కాయల బూడిద, నూనె, గొర్రెపెంట కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి పిసికి, ఎరుపు నలుపు రంగులద్ది చిటికీ అనే ఇక్కత్ పద్ధతిలో నేస్తారు. ఉతికినా నూనె వాసన వదలదు. చీరాల నుంచి అది ఏడెన్‌కు, అరబ్ దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు వెళ్లింది. ఇప్పుడు ఆ విద్యకు నల్లగొండ వైపు పుట్టపాక పెట్టింది పేరు. అక్కడి గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది, 2020లో పుట్టపాక తేలియాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గళ్ల రుమాలుకు ఆ అదృష్టం పట్టలేదు. 1967 నుంచి 1970 దాకా బియాఫ్రా యుద్ధం, ఆ తర్వాతి దశాబ్దంలో నైజీరియా విదేశీ బట్టల మీద పెట్టిన ఆంక్షలు ఆ మార్కెట్‌ను చితగ్గొట్టాయి. ఇవాళ చీరాల మగ్గాల మీద కనిపించేవి ఎక్కువగా చీరలే.

మళ్లీ ఆస్ట్రేలియాకు వద్దాం. ఈ దేశంలో ఆఫ్రికా నుంచి అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్న ఆఫీసు మెల్‌బోర్న్‌లో ఉంది. దాని లోపల ఆఫ్రికా అలంకరణ కోసం వెతికితే నిరాశే. 2006లో తెరిచిన ఆ నగరపాలక భవనం పేరు కౌన్సిల్ హౌస్ 2. రూపకర్తల్లో ముఖ్యుడు జింబాబ్వేలో పుట్టిన మిక్ పియర్స్. అంతకు పదేళ్ల ముందు, 1996లో, ఆయన హరారేలో ఈస్ట్‌గేట్ అనే ఆఫీసుల భవనం కట్టాడు. చెదపుట్ట లోపల గాలి ఎలా ఆడుతుందో చూసి, మామూలు ఏసీ అవసరం లేకుండా దాన్ని చల్లగా ఉంచే ఏర్పాటు చేశాడు. అదే ఆలోచన మెల్‌బోర్న్‌కు వచ్చింది. రాత్రి చల్లగాలి లోపలికి వచ్చి అలల్లాంటి కాంక్రీటు పైకప్పును చల్లబరుస్తుంది, పగలంతా ఆ చలువ కిందికి దిగుతుంది. గోడకు ముసుగు బొమ్మలు తగిలించడం కంటే ఇది మెరుగైన అప్పు అని నా లెక్క.

అలాగని గోడలు బోసిగా వదిలేయమనడం లేదు. గాజు, ప్లాస్టర్‌బోర్డు నిండిన ఆఫీసు గదిలో మాట మోగిపోతుంది. వీడియో కాల్‌లో అవతలివాళ్లు ‘బావిలోంచి మాట్లాడుతున్నారా’ అంటారు. మందపాటి నూలు బట్ట గోడ మీద ఉంటే ఆ మోత కొంత తగ్గుతుంది. కలబారి గదుల్లో గౌరవం పొందే బట్ట ఇక్కడ పనికొచ్చే సరుకు కూడా. పడమటి కిటికీ ఎదురుగా మాత్రం వద్దు, సిడ్నీ ఎండకు ఏ రంగైనా వెలిసిపోతుంది. వాణిజ్య భవనమైతే నిప్పు భద్రత నిబంధనలు ముందు కనుక్కోండి.

ఒక్క విన్నపం. కెల్లీవిల్‌లోనో నార్వెస్ట్‌లోనో మీ ఆఫీసుకు ‘ఆఫ్రికన్ స్టైల్’ పెట్టిద్దామనుకుంటే, ఫ్యాక్టరీ ప్రింటు దిండ్లు ఆర్డరు చేసే ముందు ప్రతి వస్తువు కిందా జాతి పేరు, ఊరి పేరు రాసి పెట్టగలరా అని డిజైనర్‌ను అడగండి. రాయలేనిదాన్ని కొనకండి. ఈసారి సెలవులకు విజయవాడ వెళ్లినప్పుడు చీరాల రెండు గంటల దూరమే. ముప్పయ్యారు అంగుళాల పన్నాలో, ఎరుపు నీలి తెలుపు గళ్లతో ఒక ఎనిమిది గజాల తాను నేసిపెడతారేమో ఏదైనా నేతపల్లెలో అడిగి చూడండి. అడ్వాన్సు ఇచ్చి రండి, బేరం ఆడకండి.