చేబ్రోలు శిల మొదలు కూచిపూడి అరుగు వరకు

విజయదశమి సమీపించినదనగా మన యిండ్లలో ఒక చర్చ బయలుదేరును. పిల్లకు ఆరేండ్లు నిండినవి. నాట్యమున ప్రవేశపెట్టుదమా, మరియొక యేడు ఆగుదమా? తల్లి ఉత్సాహపడును. తండ్రి ఖర్చు లెక్కించును. నాయనమ్మ ఏమియు అనక ముఖము పక్కకు త్రిప్పుకొనును. ఆమె మౌనమునకు ఎనిమిది వందల యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్ర మనకు దూరమున జరిగినది కాదు గనుక నేడు దానిని కొంత ముచ్చటించుకొందము.

తెనాలికిని గుంటూరునకును నడుమ వడ్లమూడి యున్నది. పాడి కర్మాగారము వలనను, విద్యాలయముల వలనను ఆ గ్రామము పేరు నేడు పలువురకు తెలియును. దాని దాపుననే చేబ్రోలు. శాసనములలో దీని పేరు తామ్రపురి. కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప సేనాని ఇచ్చట తన తండ్రి పేర చోడేశ్వరాలయము నిలిపెను. ఆయన వేయించిన శాసనములలో ఒకటి శక సంవత్సరము 1135, అనగా క్రీ.శ. 1213 నాటిది. అదే యేట ఓరుగల్లు సీమలో రేచర్ల రుద్రుడు రామప్ప గుడిని ప్రతిష్ఠించెను. ఆ గుడి స్తంభములపై నర్తకీమణులు నల్లరాతిలో నిలిచియుండగా, ఇచ్చట చేబ్రోలులో ప్రాణమున్న నర్తకులకు జాయప ఇండ్లు కట్టించెను. రెండును ఒకే సంవత్సరమున పడుట కాకతాళీయమే కావచ్చును; మాకు మాత్రము తలచుకొన్నప్పుడెల్ల ముచ్చటగనే యుండును.

జాయప వెలనాటి సీమలోనివాడు. ఆయన వంశీయులగు అయ్యవారు కృష్ణ సాగరమున కలియు చోటనున్న దివిసీమను ఏలిరి. గణపతిదేవుడు ఆ సీమను జయించి, జాయప తోబుట్టువులగు నారమ, పేరమలను వివాహమాడి, బాలుడగు జాయపను తన కొలువున చేర్చుకొనెను. ఓడిన యింటి పిల్లవానిని గెలిచిన రాజు ఏమి చేయవచ్చునో చరిత్ర చదివినవారెరుగుదురు. గణపతిదేవుడు ఆ బాలునియందు కళాభినివేశమును కనిపెట్టి గుండామాత్యుడను విద్వాంసుని చేతిలో పెట్టెను. నేటి నాట్యశాలలలో ప్రవేశ పరీక్ష యనుచున్నామే, మన జిల్లా చరిత్రలో దానికి మొదటి ఉదాహరణముగా దీనిని చెప్పుకొనవచ్చును. పరీక్షకుడు చక్రవర్తి; అభ్యర్థి జితుడైన మండలాధిపతి కుమారుడు. ఆ శిక్షణము వృథా కాలేదు. 1253-54 ప్రాంతమున జాయప సంస్కృతమున నృత్తరత్నావళిని రచించెను. అందు ఎనిమిది అధ్యాయములు. మొదటి నాలుగింట మార్గ నృత్తమును, తక్కిన నాలుగింట దేశి నృత్తమును వివరించెను. పండితుల సభలో చెల్లు మార్గముతోపాటు పేరణియు, కోలాటమును శాస్త్రగ్రంథమున కెక్కించిన ధైర్యము ఏనుగుల దళమును నడపినవానికే తగును. 1965లో డాక్టర్ వి. రాఘవన్ ఆ గ్రంథమును పరిష్కరించి ప్రకటించిరి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు దానిని తెనిగించిరి.

ఇంతవరకు కథ వినసొంపుగనే యున్నది. కాని చేబ్రోలు గుడికి నర్తకులుగా వచ్చిన బాలికలను ఎవరైన అడిగిరా? ఆ శిల ఆ మాట చెప్పదు. దానము చేసినవాని బిరుదములు చెప్పును, దేవుని పేరు చెప్పును, భూముల సరిహద్దులు చెప్పును. గుడికి అర్పించిన పిల్లలకు విద్య దక్కెను, కూడు దక్కెను, ఒక కాలమున గౌరవమును దక్కెను. ఇచ్ఛ మాత్రము దక్కలేదు. రాజ్యములు పోయి, మాన్యములు కరగి, గుళ్ళు బీదవైన పిదప ఆ గౌరవమును పోయినది. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణమును నిషేధించు చట్టము వచ్చెను. అది రావలసిన చట్టమే. అయినను, ఏడెనిమిది వందల యేండ్లు విద్యను కంఠముననుంచుకొని కాపాడిన ఇండ్లవారికి ఆ విద్య పేర కీర్తి రాలేదు. అపకీర్తి వారి వాకిట మిగిలెను, విద్య ఇతరుల యిండ్లకు తరలెను. తరువాతి కాలమున నటరాజ రామకృష్ణ (1923-2011) ఊరూర తిరిగి వృద్ధ నర్తకీమణుల నాశ్రయించి వారివలన నేర్చుకొని, దానికి ఆంధ్రనాట్యమని పేరిడిరి. జాయప వర్ణించిన పేరణిని నృత్తరత్నావళి ఆధారముగ మరల రంగమునకు తెచ్చినదియు వారే. మన నాయనమ్మ ముఖము త్రిప్పుకొనుట ఎందులకో ఇప్పుడు బోధపడినది కదా!

ఇక కృష్ణకు ఆవలి యొడ్డునకు పోవుదము. రేపల్లె దాటి పెనుమూడి వద్ద నది దాటినచో దివిసీమ. అచ్చటనుండి కూచిపూడి దూరము కాదు. నేడు వంతెనపై బస్సులో కూర్చుండి దాటుచున్నాము. పూర్వము పడవలే గతి.

కూచిపూడిలో నాట్యము బ్రాహ్మణ పురుషులది. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి, ఆ యూరి ప్రతి యింటి మగపిల్లవాడును జీవితమున ఒక్క పర్యాయమైనను సత్యభామ వేషము ధరింపవలెనని మాట తీసికొనెనని వాడుక. గోలకొండ నవాబు అబుల్ హసన్ తానాషా ఆ గ్రామమును భాగవతులకు ఇనాముగ ఇచ్చెననియు, అది 1678 నాటి మాటయనియు చెప్పుదురు. వేదాంతము, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి మున్నగు ఇంటిపేర్ల వారందరును ఈ విద్యయందే పుట్టి పెరిగిరి.

అచ్చటి పిల్లవానికి ప్రవేశ పరీక్ష లేదు. పుట్టుటయే ప్రవేశము. పరీక్షయంతయు తరువాతనే. తెల్లవారక ముందే లేచి సాధన. తాళమునకు అడుగు పడవలెను. ఒకే అడుగును మూడు కాలములలో వేయవలెను. మొదటి కాలమున నిలుకడ తెలియును, మూడవ కాలమున లోపము తెలియును. మోకాలు వంచి కూర్చుండిన భంగిమ సడలినచో గురువు కఱ్ఱ మాటలాడును. అడుగులతో పని తీరదు. కలాపమున పాత్ర తానే పాడవలెను, తానే పలుకవలెను. కావున సంగీతమును, సంస్కృతమును, తెలుగు పద్యము చదువు తీరును నేర్వవలసినదే. రాత్రి దివిటీల వెలుగున, గుగ్గిలపు పొడి భగ్గుమనుచుండగా, ఊరివారి నడుమ తెర పట్టుదురు. సత్యభామ తెర మీదుగ జడ వెలుపలికి వేయును. ఆ జడ ఒక సవాలు: విద్యలో నన్ను మించినవారున్నచో వచ్చి పట్టుకొనుడని. పదునారేండ్ల పిల్లవానికి ఇంతకంటె కఠినమైన పరీక్ష ఏ దేశమున నున్నదో మేమెరుగము.

అయితే వానిని మాత్రము ఎవరడిగిరి? చేబ్రోలు బాలికవలెనే వాడును పుట్టుక చేత నర్తకుడైనాడు. భేదమొక్కటి: ఆడువేషము వేసి ఇంటికి వచ్చి కడుగుకొన్న తరువాత వాడు మర్యాదగల ఇంటి పిల్లవాడే.

ఆ వేషముతోనే ఈ యొడ్డున మరియొకరు పేరు గడించిరి. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు. 1920లో హరిశ్చంద్ర నాటకమునకు చంద్రమతి వేషధారి రాకపోగా, పదునెనిమిదేండ్ల స్థానంవారు ఆ వేషము కట్టి నిలిచిరి. పిమ్మట తెనాలి రామవిలాస సభలో చేరి, తులాభారమున సత్యభామయై దేశమును మెప్పించిరి. 1956లో పద్మశ్రీ పొందిరి. ఆయనకు నది యావలివలె కుల నియమమేమియు లేదు. ఒక రాత్రి ఖాళీ యేర్పడినది. ఆయన ముందునకు వచ్చినారు. తెనాలి పట్టణమునకు నాటకముపై గల మమత వలన ఇట్టివి సాధ్యమైనవని మా యభిప్రాయము.

కూచిపూడి విద్య బాలికలకు దక్కుటకు కారకులలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు మొదటివారు. ఆయన స్త్రీలకు నేర్పిరి. కలాపమును విడదీసి ఒంటరిగ అభినయింపదగిన అంశములను తీర్చిరి. ఇందులకు సొంత యూరివారి నిందను సహించిరి. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమి సదస్సున కూచిపూడికి శాస్త్రీయ నృత్యమను గౌరవము తగునా యన్న వాదము వచ్చెను. 1959లో హైదరాబాదున జరిగిన సదస్సు మన పక్షమును బలపరచెను. ఏలూరు న్యాయవాది, నటుడు బందా కనకలింగేశ్వరరావుగారి పూనికతో కూచిపూడి గ్రామముననే సిద్ధేంద్ర కళాక్షేత్రము వెలసి, పిమ్మట తెలుగు విశ్వవిద్యాలయ పరిధిలోనికి వచ్చెను. దానితో తరగతియు, పాఠ్యక్రమమును, పరీక్షయు, పట్టమును ఏర్పడినవి. అరుగుమీది విద్య బల్లమీదికి వచ్చినది.

కాని అసలు మార్పు మదరాసున జరిగినదనవలెను. కూచిపూడిలో 1929లో జన్మించి, చిన్ననాటనే తండ్రిని పోగొట్టుకొనిన వెంపటి చినసత్యంగారు చేతిలో కాసులు లేక మదరాసు చేరిరి. 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమి స్థాపించి, అడవులను ఒక క్రమమున కూర్చి, ఏ యింటి పిల్లకైనను బోధింపదగినట్లు తీర్చిరి. అచ్చట కులము నడుగువారు లేరు. కాలు తాళమున పడుచున్నదా యన్నదే ప్రశ్న. ఆ వాకిటికి పిల్లలను చేయిపట్టి తెచ్చిన తలిదండ్రుల కథలే మనకు ముఖ్యము. అనకాపల్లిలో 1956లో జన్మించిన శోభానాయుడును నాట్యమార్గమున నిలిపినది తల్లి సరోజినీదేవి పట్టుదల. ఆ బాలిక వెంపటివారి నాటకములలో సత్యభామయు, పద్మావతియు, చండాలికయునై వెలిగి, 2020లో అస్తమించునాటికి ఎందరికో గురువైనది. మదనపల్లెలో 1940లో జన్మించిన యామినీ కృష్ణమూర్తికి తండ్రియే అండ. పండితుడగు కృష్ణమూర్తిగారు చిదంబరమున నివసించి కూతురికి గుడి గోడలపైని కరణములు చూపించిరి. పసితనముననే ఆమెను కళాక్షేత్రమున చేర్చిరి. నాట్యమును బిడ్డ చదువునకు అడ్డుగాక చదువుగనే ఎంచిన తండ్రి ఆ రోజులలో అరుదు. తరువాత ఆమె కూచిపూడియు నేర్చి, దానిని దేశాంతరములకు కొనిపోయినది.

కళాక్షేత్రము మాట వచ్చినది గనుక ఒక రష్యా తల్లిని తలపవలెను. సెంట్ పీటర్సుబర్గులో బట్టలుతికి జీవించిన ఆ బీద తల్లి 1890 ప్రాంతమున తన కుమార్తెను బాలే చూపుటకు తీసికొనిపోయెను. చూచి వచ్చిన పిల్ల, నేనును ఇట్లే ఆడుదుననెను. జారు చక్రవర్తి నాట్యశాలలో పరీక్షకు నిలిపిరి. పిల్ల మరీ చిన్నది, బలహీనముగనున్నదని వారు త్రిప్పి పంపిరి. తల్లి పిల్లను కోపింపలేదు, పరీక్షకులను తిట్టలేదు. మరుసటి యేడు మరల తీసికొనిపోయినది. 1891లో పదేండ్ల ఆన్నా పావ్లోవాకు ప్రవేశము దొరికినది. 1928లో ఆమె భారతదేశమునకు వచ్చినపుడు రుక్మిణీదేవి పరిచయమయ్యెను. ఆమె బృందమునందలి నర్తకి యొద్ద బాలే నేర్చుకొనుచున్న రుక్మిణీదేవిని, నీ దేశపు నాట్యమును వెదకుకొమ్మని పావ్లోవా ప్రోత్సహించెను. 1936లో కళాక్షేత్రము వెలసెను. ఒక చాకిరి చేసిన తల్లి ఓర్పు ఎంత దూరము ప్రయాణించినదో చూడుడు: నేవా నదీతీరమునుండి అడయారునకు, అచ్చట చేరిన మదనపల్లె పిల్ల వరకు.

ఈ కథలో మాకు నచ్చినది పిల్లయే ముందు అడుగుట. చేబ్రోలు బాలిక అడుగలేదు, కూచిపూడి బాలుడు అడుగలేదు. నేడు ప్రవేశ పరీక్షల వరుసలో నిలిచిన పిల్లలలో అడిగి వచ్చినవారెందరు, తల్లి తీరని కోరికకు వేషము కట్టినవారెందరు? 2010 డిసెంబరులో హైదరాబాదు మైదానమున 2,850 మంది ఒకేసారి కూచిపూడి నర్తించి ప్రపంచ రికార్డున కెక్కిరి. చూచుటకు కన్నుల పండువే. అయినను ఆ వేలమందిలో ఒక పిల్ల పాదము తప్పు పడినచో సరిదిద్దువారెవరు? గురువు ఒక్క పిల్ల మోకాలివైపు చూచు క్షణముననే విద్య చేతులు మారుచున్నది. ఎముక ముదురని పిల్లను తొందరించి మూడవ కాలమునకు ఈడ్చుట, ఆరు నెలలకే గజ్జెకట్టి ఫోటోలు తీయించుట, ఇతరుల పిల్లతో పోల్చి కన్నీరు పెట్టించుట, ఇవన్నియు మేము చూచుచున్నవే. మడమ నొప్పియన్న పిల్లను సోమరియనుట వీనన్నింటికంటె పాపము.

2012లో ఒకే సంవత్సరమున వెంపటి చినసత్యంగారును, సత్యభామ వేషమునకు పర్యాయపదమైన వేదాంతం సత్యనారాయణశర్మగారును గతించిరి. ఒకరు బాలికలకు నేర్పినారు. ఒకరు జీవితమంతయు బాలికగ నటించినారు. నేడు వారి విద్య విజయవాడ, గుంటూరు వీథులలోను, సముద్రములకావల తెలుగువారి యిండ్ల నేలమాళిగలలోను పలుకుచున్నది. చేబ్రోలులో జాయప శాసనము ఇంకను నిలిచియున్నది. వడ్లమూడి దారిని పోవు తలిదండ్రులు పిల్లను వెంటబెట్టుకొని ఒక పూట అచ్చట ఆగినచో నష్టము లేదు. పిల్ల రాతివైపు చూచునో, గుడి ముందరి ఖాళీ నేలవైపు చూచి అడుగు కదల్చునో, ప్రక్కన నిలిచి కనిపెట్టవచ్చును.