ఖరగ్‌పూర్ శ్రామికులు - దీనబంధు ఆండ్రూస్

హౌరా నుంచి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖరగ్‌పూర్, రైలు మార్గం సృష్టించిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ పంతొమ్మిదో శతాబ్దం ముగియవస్తున్న దశలో ఇక్కడ కూడలి స్టేషనును, తరువాత కొద్ది సంవత్సరాలకే విశాలమైన వర్క్‌షాపును నెలకొల్పింది. తూర్పు కోస్తా రైలు మార్గపు ఉత్తర భాగం 1902 ప్రాంతంలో ఆ సంస్థ అధీనంలోకి రాగా, కళింగాంధ్ర పల్లెలకూ ఈ వంగదేశపు పట్టణానికీ మధ్య రాకపోకలు సుగమమయ్యాయి. వర్షాధార వ్యవసాయం, అప్పులు, కరవు కాటకాలు వెనుకనుంచి తరుముతుండగా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలాదిమంది ఇక్కడికి తరలివచ్చారు. కొలిమి వద్ద, రైలు పట్టాల మీద, ఇంజన్ల మరమ్మతులో చెమటోడ్చారు. తమ భాషను, అమ్మవారి పండుగలను, ప్రార్థనా మందిరాలను వెంట తెచ్చుకున్నారు.

అయితే ఈ పట్టణం రెండు లోకాలుగా ఉండేది. ఒకవైపు తోటల మధ్య యూరోపియన్ అధికారుల బంగళాలు. మరొకవైపు భారతీయ కార్మికుల ఇరుకు వాడలు. హోదాలోనూ, జీతంలోనూ, నివాసంలోనూ వర్ణభేదమే కొలబద్ద. ఈ అసమానతే 1927 నాటి పోరాటానికి నేపథ్యం. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో జరిగిన సమ్మెలో కార్మికులు తుపాకి కాల్పులను ఎదుర్కొన్నారు. కొన్ని నెలల తరువాత పెద్దయెత్తున ఉద్యోగుల తొలగింపు ప్రకటన వెలువడగా వివాదం తిరిగి రాజుకుని, వర్క్‌షాపు మూతకు దారితీసింది. బరంపురంలో జన్మించిన వరాహగిరి వెంకటగిరి ఆ కార్మికుల పక్షాన నిలిచిన నాయకుడు. అనంతర కాలంలో, 1969 నుంచి 1974 వరకు, ఆయన భారత రాష్ట్రపతి పదవిని అలంకరించారు. ఆ సంక్షోభంలో గిరికి అండగా నిలిచినవారిలో ఒక ఆంగ్లేయుడు కూడా ఉండడం గమనార్హం. ఆయనే చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్.

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జన్మించారు. ఆయనను భారతదేశానికి చేర్చిన కారణాలలో ఒక మిత్రవియోగం కూడా ఉంది. కేంబ్రిడ్జిలో ప్రాణస్నేహితుడైన బాసిల్ వెస్ట్‌కాట్ భారతదేశంలో మతసేవ చేస్తూ 1900లో కలరా సోకి మరణించారు. మిత్రుడు విడిచిన బాధ్యతను స్వీకరించినట్లుగా ఆండ్రూస్ 1904లో ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో అధ్యాపకులుగా చేరారు. 1914లో దక్షిణాఫ్రికాలో గాంధీజీతో కలిసి పనిచేస్తున్న రోజులలోనే ఆయనకు తల్లి మరణవార్త అందింది. ఆపైన భారతదేశమే తన తల్లి అన్న భావన ఆయనలో వేళ్లూనుకుంది. అదే సంవత్సరం మతాచార్య విధులను విడిచి, రవీంద్రుని శాంతినికేతనంలో స్థిరపడ్డారు. ఆయన విడిచింది పదవినే కాని క్రీస్తును కాదు. ఆకలిగొన్నవాడిలో, పరదేశిలో, చెరలో ఉన్నవాడిలో తన ప్రభువును దర్శించడమే ఆయనకు ఆరాధన.

ఆ ఆరాధన ఆయనను సముద్రాలు దాటించింది. 1879 నుంచి 1916 వరకు ఒడంబడిక కూలీలుగా ఫిజీ దీవులకు చేరిన భారతీయులు సుమారు 60,000 మంది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లినవారిలో తెలుగువారూ గణనీయంగా ఉన్నారు. 1915లోనూ, 1917లోనూ ఆండ్రూస్ ఆ దీవులకు వెళ్లి చెరకు తోటలలోని దుస్థితిని స్వయంగా పరిశీలించి లోకానికి వెల్లడించారు. 1920 జనవరి 1న అక్కడ మిగిలిన ఒడంబడికలు రద్దయ్యాయి. కళింగాంధ్రలో ఒకే తాలూకా నుంచి ఒక అన్న ఖరగ్‌పూరుకు, ఒక తమ్ముడు సముద్రం ఆవలి దీవికి వలసపోగల కాలమది. ఈ రెండు గమ్యాలలోనూ శ్రామికునికి పెద్దదిక్కుగా నిలిచిన వ్యక్తి ఒక్కరే కావడం చరిత్రలోని విశేషం.

ఆయన చేతిలో ధనం నిలిచేది కాదు. తన వస్తువులనే ఇతరులకు ఇచ్చివేసే ఆయనను చూసి మిత్రులు ముచ్చటపడేవారు, కలవరపడేవారు కూడా. అయితే ఈ ఔదార్యం గుడ్డిది కాదు. 1921లో అస్సాం తేయాకు తోటలను విడిచి చాంద్‌పూర్‌లో చిక్కుకుపోయిన కూలీలకు కలరా సోకినప్పుడు ఆయన అక్కడికి వెళ్లి సేవ చేశారు, ప్రభుత్వాన్ని దుయ్యబట్టారు. మరోవైపు, కూలీల పేర మొదలైన సానుభూతి సమ్మెలు పేదలనే మరింత బాధిస్తాయని నాయకులను హెచ్చరించారు. ఈ మధ్యేమార్గం అందరికీ రుచించలేదు. రాజీ ధోరణి శ్రామికుని బలాన్ని తగ్గిస్తుందని వాదించినవారి మాటలో సత్యం లేకపోలేదు. కాని తన జాతి అధికారం చలాయిస్తున్న చోట, ఆ అధికారానికి ఎదురుగా కూలివాని పక్కన నిలబడడం తేలికపాటి సాహసం కాదు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్ష పదవి ఆయనను వరించడానికి మూలం ఈ విశ్వాసమే.

1940 ఏప్రిల్ 5న కలకత్తాలో ఆండ్రూస్ కన్నుమూశారు. అంతకు కొద్ది వారాల ముందే గాంధీజీ ఆయనను రోగశయ్యపై పరామర్శించారు. ఆ మహానగరంలోని లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానవాటికలో ఆయన భౌతికకాయాన్ని భూస్థాపన చేశారు. శాంతినికేతన మందిరంలో వయోవృద్ధుడైన రవీంద్రుడు తన మిత్రునికి నివాళి అర్పించారు. రెండవ ప్రపంచ యుద్ధం సాగుతూ, భారతీయులకూ ఆంగ్లేయులకూ మధ్య అపనమ్మకం పెరుగుతున్న ఆ వేళ, గాంధీజీ హరిజన్ పత్రికలో ఆండ్రూస్ మైత్రీభావాన్నే ఆయన విడిచిన వారసత్వంగా చాటారు. శాంతినికేతనం కోసం దీనబంధు స్మారక నిధిని సంకల్పించి 5 లక్షల రూపాయలు సమీకరించారు. తనకంటూ ఏమీ మిగుల్చుకోని వ్యక్తి పేర ప్రజలు కూడబెట్టిన ధనం అది.

క్రైస్తవ విశ్వాసంలో మరణం నిద్రతో సమానం; దుఃఖం ఉంటుంది, దాని వెంటనే పునరుత్థాన నిరీక్షణా ఉంటుంది. దీనబంధు అన్న బిరుదు మాత్రం హైందవ భక్తి పరిభాష నుంచి వచ్చింది. దేవునికి వాడే ఆ మాటను ఈ దేశం ఒక క్రైస్తవునికి ఇచ్చింది. ఆయనను స్మరించడానికి మతం అడ్డురాలేదు, జాతీ అడ్డురాలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే పేరు చరిత్రలో కలిసిపోయింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు మాత్రం నేటికీ పనిచేస్తూనే ఉంది. ఆ ఊరి వాడలలో తెలుగు మాట వినిపిస్తూనే ఉంది. తండ్రి వంటి వ్యక్తి గతించినప్పుడు బిడ్డలు చెల్లించవలసిన ఋణం కన్నీటితో తీరదు. ఆయన ఎవరి పక్కన నిలబడ్డారో, వారి పక్కన నిలబడినప్పుడే అది తీరుతుంది.