ఏడు గోల్స్ మోసిన మనిషి

1982 డిసెంబర్ 1. ఢిల్లీ నేషనల్ స్టేడియంలో ఆసియా క్రీడల హాకీ ఫైనల్. ఎదుట పాకిస్థాన్. చూడవచ్చిన వాళ్లలో ప్రధాని ఇందిరా గాంధీ ఉన్నారు. ఆట మొదలైన కాసేపటికే మనకు పెనాల్టీ స్ట్రోక్ దక్కింది. కెప్టెన్ జఫర్ ఇక్బాల్ దాన్ని గోల్ చేశారు. స్టేడియం హోరెత్తింది. ఆ హోరు ఎంతోసేపు నిలవలేదు. పాకిస్థాన్ ఒక గోల్ కొట్టి లెక్క సరిచేసింది, రెండో గోల్‌తో ముందుకెళ్లింది, ఆ తర్వాత ఇక ఆగలేదు. ఆట ముగిసేసరికి బోర్డు మీద 7-1.

ఆ ఏడు సార్లూ వలలోంచి బంతిని బయటికి తీసింది ఒకే మనిషి. పేరు మీర్ రంజన్ నేగీ. భారత జట్టు గోల్‌కీపర్.

అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు, కోట లాంటి మన నెల్లూరు తీరపు ఊళ్లలో అప్పట్లో ఇంటింటా టీవీలు లేవు. చాలామందికి ఆ ఓటమి రేడియోలో చేరింది, మర్నాడు పేపర్లో అచ్చులో కనిపించింది. కళ్లతో చూడని ఆటను జనం అంకెతోనే గుర్తుపెట్టుకున్నారు. ఏడు అనే అంకె వినగానే ఎవరైనా అడిగే మొదటి మాట, "గోల్‌కీపర్ ఏం చేస్తున్నాడు?" ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయి ఉంటే నేగీ బతుకు వేరుగా ఉండేది. ఆగలేదు.

ఆ రోజు ఏం జరిగిందో తెలియాలంటే హాకీ గోల్‌పోస్టు దగ్గర కాసేపు నిలబడాలి. పన్నెండు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు. దాన్ని కాచేది ఒక్క మనిషి. మీదికొచ్చే బంతి బరువు 160 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, రాయిలా గట్టిగా ఉంటుంది. గడ్డి మైదానంలో అయితే అది ఎగుడుదిగుళ్లకు తగిలి కాస్త నెమ్మదిస్తుంది. కృత్రిమ టర్ఫ్ మీద నున్నగా జారి దూసుకొస్తుంది. ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో పరిచింది ఆ టర్ఫే. మన ఆటగాళ్లు గడ్డి మీద పుట్టి పెరిగినవాళ్లు. టర్ఫ్ మీద తొలిసారి ఒలింపిక్స్ జరిగింది 1976లో, మాంట్రియల్‌లో. అప్పుడు మనకు దక్కింది ఏడో స్థానం. 1980 మాస్కోలో స్వర్ణం వచ్చిన మాట నిజమే కానీ, చాలా పెద్ద జట్లు ఆ క్రీడలను బహిష్కరించాయి. పాకిస్థాన్ మాత్రం 1982 జనవరిలో బొంబాయిలో ప్రపంచ కప్ గెలిచి, అదే ఏడాది చివర ఢిల్లీకి వచ్చింది. హసన్ సర్దార్, కలీముల్లా, హనీఫ్ ఖాన్, సమీయుల్లా. ఆనాడు ప్రపంచంలో అంత పదునైన ఫార్వర్డ్ వరస ఇంకొకటి లేదంటే తప్పు కాదు.

వెనకబడిన జట్టు గోల్ కోసం ముందుకు ఎగబడుతుంది. ఎగబడినకొద్దీ వెనక ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీలోకి ఒక్క పాస్ పడితే చాలు, ఎదుటి ఫార్వర్డ్ బంతితో ఒంటరిగా గోల్ ముందుండే 'డీ' వలయంలోకి వచ్చేస్తాడు. అప్పుడు గోల్‌కీపర్‌కు మిగిలేవి రెండే దారులు. గీత మీదే ఉండిపోతే కొట్టేవాడికి గోల్ మొత్తం కనిపిస్తుంది. ముందుకు దూకితే, అతను పక్కకు తప్పించి ఖాళీ వలలోకి నెట్టేస్తాడు. బరువైన ప్యాడ్లతో అరక్షణంలో తేల్చుకోవాలి. తేల్చుకున్నది తప్పితే, వేలమంది చూస్తుండగా వెనక్కి తిరిగి బంతి తెచ్చుకోవాలి. మిగతా పది మంది తప్పులు మైదానంలో ఎక్కడో కలిసిపోతాయి. మిడ్‌ఫీల్డర్ వదిలేసిన మనిషినీ, డిఫెండర్ పోగొట్టుకున్న బంతినీ ఎవరూ గుర్తుపెట్టుకోరు. గోల్‌కీపర్ తప్పు మాత్రం స్కోరు బోర్డు ఎక్కుతుంది. ఒక గోల్ పడితే గోల్‌కీపర్‌ని అనుమానించవచ్చు. ఏడు పడ్డాయంటే జట్టు జట్టంతా కూలిపోయిందని అర్థం. ఆట తెలిసిన ఎవరికైనా ఇది తెలుసు. అయినా కూలిన ఇంటికి ఒక్క స్తంభాన్నే దోషిగా నిలబెట్టారు.

ఓడిపోయాడని తిట్టి ఊరుకుంటే నేగీ తట్టుకునేవారేమో. అమ్ముడుపోయాడన్నారు. గోల్‌కు ఇంత అని లెక్కగట్టి పాకిస్థాన్ దగ్గర డబ్బు తీసుకున్నాడన్నారు. దేశద్రోహి అన్నారు. ఆ ఆరోపణకు రుజువు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. అయినా నేగీ మళ్లీ భారత జట్టు తరఫున ఆడలేదు. ఆటకే దూరంగా జరిగారు. కస్టమ్స్ శాఖలో ఉద్యోగం చేసుకుంటూ ఏళ్ల తరబడి ఆ నింద కింద బతికారు. ఒక్క సాయంత్రం ఆడిన ఆటకు పడిన శిక్ష అది.

మన మత్స్యకార పాలేల్లో సముద్రం మీదికి వెళ్లే పడవకు ఒక ధర్మం ఉంది. చేపలు పడితే అందరికీ వాటా. వల ఖాళీగా వస్తే డీజిల్ ఖర్చు అందరి మీదా పడుతుంది. నష్టం వచ్చిన రోజున ఒక్కణ్ణి ఒడ్డున దించేసి "ఇదంతా నీ అప్పు" అని మిగతావాళ్లు ఇళ్లకు పోరు. 1982లో మన హాకీకి కరువైంది ఆ ధర్మమే. ఏడు గోల్స్ నష్టాన్ని పదకొండు మందీ, వాళ్లతో పాటు జట్టును నడిపించినవాళ్లూ పంచుకోవాల్సింది. "మేమంతా ఓడిపోయాం, అతనొక్కడు కాదు" అన్న మాట, ఆ నిందను ఆపగలిగేంత గట్టిగా, దేశానికి వినిపించలేదు.

నెల్లూరు వాళ్లకు ఇలాంటి కథ కొత్త కాదు. పదమూడో శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి కొలువులో సేనానిగా ఉన్న ఖడ్గ తిక్కన కథ మన అమ్మమ్మలు చెప్పిందే. పశువుల మేత పుల్లరి దగ్గర మందల దొర కాటమరాజుతో పుట్టిన తగవు పాలేటి ఒడ్డున యుద్ధమైంది. సేనంతా నేలకూలాక తిక్కన ఒంటరిగా ఇంటికి తిరిగొచ్చాడు. ఆ రోజు ఆ ఇంట్లో జరిగింది మన కథల్లో నాకు అన్నిటికన్నా బరువుగా తోచే ఘట్టం. భార్య స్నానానికి నీళ్లు తోడింది. ఆడవాళ్లకు కట్టినట్టు మంచం అడ్డుగా నిలబెట్టి, పక్కన పసుపు ముద్ద పెట్టింది. భోజనానికి కూర్చుంటే తల్లి విరిగిన పాలు పోసింది. పాలెందుకు విరిగాయని అడిగితే, నువ్వు విరిగి వచ్చావు, ఆవులూ విరిగి వచ్చాయి, పాలు కూడా విరిగాయి అన్నది. తిక్కన మారు మాట్లాడలేదు. కత్తి తీసుకుని మళ్లీ యుద్ధానికి వెళ్లాడు. ఈసారి తిరిగి రాలేదు.

ఈ కథను మనం పౌరుషానికి గుర్తుగా చెప్పుకుంటూ వచ్చాం. ఆ తల్లి, ఆ భార్య వీరమాత, వీరపత్ని అని మెచ్చుకుంటూ వచ్చాం. నాకు మాత్రం పసుపు ముద్ద దగ్గర నిలబడ్డ ఆ మనిషి ముఖమే కనిపిస్తుంది. వెంట వెళ్లిన సేన అంతా ఏమైందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఒంటి మీద గాయాలున్నాయా అని చూడలేదు. ఓడి ఇంటికొచ్చినవాడికి ఎదురైంది ఆ గడపలోని తీర్పు. ఏడు వందల ఏళ్ల తర్వాత నేగీకి ఎదురైందీ అదే. కాకపోతే ఈసారి పసుపు ముద్ద పెట్టింది దేశం.

హాకీలోనే ఇంకో లోకం ఉంది, మంచు మీద ఆడేది. కెనడా, అమెరికాల్లో రాజ్యమేలే ఆ ఆటలో రూలు పుస్తకంలో లేని కట్టుబాటు ఒకటుంది. మన గోల్‌కీపర్‌ను ఎవరైనా ఢీకొడితే జట్టు మొత్తం అతని చుట్టూ చేరాలి, కొట్టినవాడికి అక్కడికక్కడే జవాబు చెప్పాలి. 2011 నవంబర్ 12న బోస్టన్‌లో మ్యాచ్. బఫెలో సేబర్స్ గోల్‌కీపర్ ర్యాన్ మిల్లర్ తన చోటు వదిలి ముందుకొచ్చాడు. బోస్టన్ బ్రూయిన్స్ ఆటగాడు మిలాన్ లూచిచ్ పూర్తి వేగంతో వచ్చి అతన్ని గుద్దేశాడు. లూచిచ్ భారీ మనిషి, మిల్లర్ బక్కపలుచని వాడు. మిల్లర్ తలకు దెబ్బ తగిలి కొన్నాళ్లు ఆటకు దూరమయ్యాడు. ఆ రోజు సేబర్స్ ఆటగాళ్లు లూచిచ్‌కు గట్టిగా ఎదురు నిలవలేదు. మ్యాచ్ 6-2తో ఓడారు. ఆ స్కోరు కన్నా వాళ్ల ఊరిని ఎక్కువ బాధపెట్టింది ఆ మౌనం. మీ మనిషి కిందపడితే మీరెక్కడున్నారని అభిమానులు నిలదీశారు. పది రోజులు దాటాక రెండు జట్లూ బఫెలోలో మళ్లీ కలిసినప్పుడు పాల్ గాస్టాడ్ అనే సేబర్స్ ఆటగాడు లూచిచ్‌తో తలపడ్డాడు. సమయం మించిపోయాక చెల్లించిన బాకీ అది. ఆ సీజన్‌లో బఫెలో ప్లేఆఫ్స్‌కు చేరలేదు.

పిడిగుద్దులు నేను కోరను. మన ఆటలో వాటికి చోటు లేదు, ఉండకూడదు కూడా. కానీ ఆ జనం అడిగిన ప్రశ్న సరైనదే. మిల్లర్ కోసం ఒక నగరం అడిగింది. నేగీ కోసం మన దగ్గర ఎవరు అడిగారు?

గెలిపించిన గోల్‌కీపర్లనైనా చూసుకున్నామా అంటే అదీ లేదు. శంకర్ లక్ష్మణ్ 1956, 1960, 1964 ఒలింపిక్స్‌లో మన గోల్ కాచాడు. 1964 టోక్యో ఫైనల్‌లో పాకిస్థాన్‌ను గోల్ కొట్టనివ్వకుండా 1-0తో స్వర్ణం తెచ్చిన జట్టుకు వెన్నెముక ఆయనే. 1966 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకు కెప్టెన్ కూడా. అలాంటి మనిషి 2006 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని మౌలో, కాలికి గ్యాంగ్రీన్ సోకి, పేదరికంలో పోయాడు.

లక్ష్మణ్ తెచ్చిన ఆ స్వర్ణం తర్వాత ఆసియా క్రీడల్లో పురుషుల హాకీ స్వర్ణం కోసం మనం 32 ఏళ్లు ఎదురుచూశాం. అది 1998లో మళ్లీ బ్యాంకాక్‌లోనే వచ్చింది. ధన్‌రాజ్ పిళ్లై కెప్టెన్. మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ ఆ జట్టులో ఉన్నాడు. ఫైనల్‌లో కొరియాతో ఆట సమంగా నిలిచి, పెనాల్టీ స్ట్రోక్స్ దాకా వెళ్లింది. అక్కడ గోల్‌కీపర్ ఆశిష్ బల్లాల్ అడ్డుగోడలా నిలిచి గెలిపించాడు. ఆ జట్టు గోల్‌కీపర్లకు శిక్షణ ఇచ్చింది మీర్ రంజన్ నేగీ. పదహారేళ్ల తర్వాత ఆయనకు గోల్‌పోస్టు దగ్గరికి మళ్లీ దారి దొరికింది.

2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో ఆయన మహిళల జట్టుతో ఉన్నారు. ఫైనల్‌లో ఇంగ్లాండ్‌పై అదనపు సమయంలో మమతా ఖరబ్ కొట్టిన గోల్‌తో మన అమ్మాయిలు 3-2తో గెలిచారు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1982 ఆసియా క్రీడల్లోనే, ఆ 7-1 పరాజయం జరిగిన ఢిల్లీలోనే, భారత మహిళల హాకీ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ గెలుపును దేశం దాదాపు మరిచిపోయింది. మగవాళ్ల ఓటమిని మాత్రం ఒక మనిషి మీద రుద్ది ఇరవై ఏళ్లు గుర్తుపెట్టుకుంది. చివరికి ఆ మనిషికి తలెత్తుకునే రోజు వచ్చింది కూడా అమ్మాయిల జట్టుతోనే.

ద్రోహి అన్న నింద మోసిన హాకీ ఆటగాడి కథతో 2007లో 'చక్ దే ఇండియా' సినిమా వచ్చింది. ఇది నేగీ జీవిత కథ కాదని రచయిత జైదీప్ సాహ్నీ చెప్పారు. అయినా చూసిన ప్రతివాళ్లకూ నేగీయే గుర్తొచ్చారు. ఆ సినిమా తారలకు హాకీ నేర్పింది కూడా ఆయనే. తెర మీద కథానాయకుడు గోల్‌కీపర్ కాదు, పెనాల్టీ స్ట్రోక్ తప్పిన ఫార్వర్డ్. అసలు నింద మోసిన గోల్‌పోస్టు ఆ సినిమాలో కూడా పక్కనే ఉండిపోయింది. జనం నేగీని చప్పట్లతో ఆహ్వానించేనాటికి ఆయన ఆటగాడిగా ఆడాల్సిన వయసు ఎప్పుడో దాటిపోయింది. రోడ్డు ప్రమాదంలో ఎదిగిన కొడుకును పోగొట్టుకున్న దుఃఖం కూడా ఆయన గుండెలో చేరింది. చప్పట్లు ఆలస్యంగా వచ్చాయి. పోయిన ఏళ్లను అవి తిరిగి ఇవ్వలేదు.

చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన రజని భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్ అయింది. మన తెలుగు పిల్లలకు అదొక దారి. రేపు ఆత్మకూరులోనో కావలిలోనో ఏ బడి పిల్లో ఆ ప్యాడ్లు కట్టుకుని గోల్ ముందు నిలబడుతుంది. పీఈటీ మాస్టార్లకూ కోచ్‌లకూ నాదొక విన్నపం. మీ జట్టు ఓడిన రోజు స్కోరు సంగతి తర్వాత మాట్లాడండి. ముందు మిగతా పది మందినీ గోల్‌పోస్టు దాకా నడిపించి, గోల్‌కీపర్ భుజం మీద చెయ్యి వేయించండి. మైదానంలోంచి అందరూ కలిసే బయటికి రండి.