వలస రాజ్యములందు మతసహనము – రోడ్ ఐలండు చరిత్ర

రాజు ప్రజల ధనప్రాణములకు కాపరి. వారి మనస్సులకును అతడే కాపరి యగునా? ఈ ప్రశ్న పదునేడవ శతాబ్దమున ఐరోపా ఖండమును రక్తసిక్తము గావించినది. దీనికి ఆచరణలో సమాధానము వెదకిన తొలి తావులలో నొకటి అమెరికా తూర్పు తీరమునందలి రోడ్ ఐలండను చిన్న వలస.

ఇంగ్లండున మతనిర్బంధమును సహింపజాలని ప్యూరిటనులు 1630లో మసాచుసెట్సు తీరమున బోస్టను పట్టణమును నెలకొల్పిరి. కాని తాము కోరిన స్వేచ్ఛను పరులకు మాత్రమీయరైరి. 1631 నుండి చర్చి సభ్యులకే వోటుహక్కు. మతసిద్ధాంతమును కాదన్నవానిని మేజిస్ట్రేటే దండించును. దెబ్బలు తిన్నవాడే పిదప కఱ్ఱ పట్టుట లోకమున వింత కాదు.

ఆ 1631లోనే రోజర్ విలియమ్సను యువ మతబోధకు డచ్చటికి వచ్చెను. పది ఆజ్ఞలలో మొదటి నాలుగును దేవునికిని మనుష్యునికిని సంబంధించినవి. తక్కిన ఆరును మనుష్యులు తమలో తాము మెలగవలసిన తీరును జెప్పునవి. హత్య, దొంగతనము, కూటసాక్ష్యము మున్నగువానిని ప్రభుత్వము దండింపవచ్చును గాని, ఆరాధన విషయమున దానికి అధికారము లేదని అతడు వాదించెను. ఆదివాసుల భూమిని వారికి వెలయీయక రాజపట్టాతో పుచ్చుకొనుట అన్యాయమనియు చెప్పెను. 1635లో ప్రభుత్వ మతనికి దేశబహిష్కార శిక్ష విధించెను.

1636 జనవరిలో మంచు కురియుచుండ అడవులబడి పోయిన యతనికి ఆదివాసులే ఆశ్రయమిచ్చిరి. నర్రగాన్సెట్టు నాయకులగు కనానికసు, మియాంటొనొమి యొసగిన నేలపై ప్రావిడెన్సు గ్రామము వెలసెను. అందలి నివాసులు అధికసంఖ్యాకుల తీర్మానమునకు లోబడుదుమని ఒడంబడిక వ్రాసికొని, ఆ విధేయతను లౌకిక విషయములకు మాత్రమే పరిమితము చేసికొనిరి.

అట్లని విలియమ్సు అరాజకమును మెచ్చినవాడు కాడు. 1655లో గ్రామస్థులకు వ్రాసిన లేఖలో అతడు రాజ్యమును ఓడతో పోల్చెను. ఓడలో కాథలిక్కులు, ప్రొటెస్టంటులు, యూదులు, తురుష్కులు కలసి ప్రయాణము చేయుదురు. ఓడ ప్రార్థనకు రమ్మని ఎవ్వరిని నిర్బంధింపరాదు; ఎవరి ప్రార్థనను వారు చేసికొనుటకు అడ్డుపడరాదు. కాని ఓడ నడపు అధికారము నాయకునిదే. కేవు చెల్లింపక, ఆజ్ఞ మీఱి, తిరుగుబాటు చేయువారిని అతడు దండింపవచ్చును.

ఈ సిద్ధాంతమునకు త్వరలోనే పరీక్ష వచ్చెను. 1659–1661 నడుమ బోస్టనులో నలుగురు క్వేకరులను ఉరిదీసిరి. వారిలో మేరీ డయ్యరను స్త్రీ యొకతె. క్వేకరుల మతము విలియమ్సునకు సరిపడలేదు. 1672లో వారితో దినములకొలది వాదించెను. కాని వారిని వెడలగొట్టుమని పొరుగు వలసలు కోరినప్పుడు రోడ్ ఐలండు అంగీకరింపలేదు. వాదమునకు వాదమే గాని ఉరిత్రాడు కాదు.

మేరీలాండులో 1649లోనే మతసహన శాసనము పుట్టెను. అది త్రిత్వమును నమ్ము క్రైస్తవులకే రక్షణ. త్రిత్వమును నిరాకరించినవారికి మరణదండన. 1654లో అధికారము చేతులు మాఱగా ఆ శాసనమే రద్దయ్యెను. ప్రభువుల దయగా వచ్చిన సహనము ప్రభువులు మాఱిన పోవును. ఈ విషయమున ప్రభుత్వమునకు అధికారమే లేదన్ననాడు స్వేచ్ఛకు గట్టి పునాది యేర్పడును.

అయినను రోడ్ ఐలండు కళంకరహితము కాదు. రెండవ ఛార్లెసు రాజు 1663లో ఇచ్చిన సనదు మతస్వేచ్ఛకు హామీ యొసగినను, 1762లో ఆరన్ లోపెజను యూదవర్తకునకు అచ్చటి న్యాయస్థానము పౌరత్వము నిరాకరించెను. నాడు విలియమ్సును వెడలగొట్టిన మసాచుసెట్సే అతనికి పౌరత్వమిచ్చెను!

1791లో అమెరికా రాజ్యాంగమున కైన మొదటి సవరణ కేంద్ర శాసనసభకు మతవిషయమున హద్దు గీచెను. భారత రాజ్యాంగమున 25వ అధికరణము మతస్వేచ్ఛ నొసగుచు, ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యములకు దానిని లోబఱచినది. హద్దురాయి పాతిన మాత్రమున చాలదు. ఏటేట అజమాయిషీ చేయనిచో ప్రక్కచేనివాని నాగలి దానిని పెకలించును. మతస్వేచ్ఛకు గీచిన హద్దును కాచుకొనవలసినవారు ప్రజలే.