పదకొండు కారిబూలు

కెనడా దేశపు ఇరవై ఐదు సెంట్ల నాణెం మీద కొమ్ములున్న ఒక జింక తల కనిపిస్తుంది. 1937లో అక్కడికి చేరిన ఆ జింక పేరు కారిబూ. క్రిస్మస్ కార్డుల మీద బండి లాగే రెయిన్‌డీర్‌ది కూడా ఇదే జాతి. యూరపులో ఆ పేరు, ఉత్తర అమెరికాలో ఈ పేరు. నాణెం మీది తలను అలా ఉంచి, న్యాయస్థానానికెక్కిన పదకొండు కారిబూల కథ ఈ టపాలో చెప్పదలచాను. నన్ను ఈ కథ వైపు లాగినది జంతుప్రేమ కన్నా చరిత్ర మీది మమకారమే. ఒక నష్టాన్ని తూచేటప్పుడు గతాన్ని తక్కెడలో వేయవచ్చునా, కూడదా అన్నదే ఆ వ్యాజ్యంలోని చిక్కుముడి.

బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు ఈశాన్య మూలన, రాకీ పర్వతాల తూర్పు వాలులలో, పీస్ నది పరీవాహక ప్రాంతంలో వెస్ట్ మోబర్లీ అనే ఆదివాసీ సమాజం ఉన్నది. బ్రిటిష్ రాణి పేరిట 1899లో కుదిరిన ఎనిమిదవ ఒడంబడికలో వీరి పూర్వులు 1914లో చేరారు. ఒడంబడికకు ముందు ఎలా వేటాడుకున్నారో ఆ తరువాతా అలాగే వేటాడుకోవచ్చునని ప్రభుత్వ ప్రతినిధులు నాడు మాట ఇచ్చారు.

ఆ కాలంలో కారిబూలు సముద్రంలా కదిలేవని అక్కడి పెద్దలు చెప్పుకునేవారు. పీస్ నది మీద కట్టిన బెన్నెట్ ఆనకట్ట వెనుక 1968 నుండి నీరు నిండింది. పదిహేడు వందల చదరపు కిలోమీటర్లకు మించిన ఆ జలాశయం మందలు వలస వెళ్ళే దారికి అడ్డంగా పరచుకున్నది. ఆ తరువాత కలప, బొగ్గు, సహజవాయువు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

అడవి నరికితే కారిబూకు కలిగే హాని పైకి కనిపించేంత సూటిది కాదు. చలికాలంలో దాని ఆహారం లైకెన్. మన బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. అది బహు నెమ్మదిగా పెరుగుతుంది. ముదురు అడవులలోనే సమృద్ధిగా దొరుకుతుంది. నరికిన చోట లేత పొదలు మొలుస్తాయి. వాటి కోసం మూస్ అనే పెద్ద దుప్పులు, చిన్న జింకలు చేరుతాయి. వాటి వెనుక తోడేళ్ళు వస్తాయి. మంచులో ఈదులాడవలసిన తోడేలుకు కంపెనీలు వేసిన బాటలు రాజమార్గాలవుతాయి. ఏడాదికి ఒక్క కూననే ఈనే కారిబూ ఆ వేటకు తట్టుకోలేదు. గొడ్డలి పట్టినవాడు ఒక్క కారిబూనైనా చంపకుండానే మంద అంతరిస్తుంది.

ఈ క్షీణతను చూసి, ఎవరూ చెప్పకుండానే, వెస్ట్ మోబర్లీ వారు 1970లలో కారిబూ వేటను తమంత తాము మానుకున్నారు. ఒడంబడికలో దక్కిన హక్కును ఒక జంతువు కోసం పక్కన పెట్టిన ఈ ఘట్టం గురించి ఇంకా విస్తారంగా వ్రాయవలసినవారు వ్రాయలేదని నా అభిప్రాయం.

2009లో ఒక బొగ్గు కంపెనీకి బర్న్ట్ పైన్ అనే మంద తిరిగే నేలలో అన్వేషణ తవ్వకాలకు ప్రభుత్వం అనుమతులిచ్చింది. అప్పటికి ఆ మందలో మిగిలినవి పదకొండు. సమాజం కోర్టుకెక్కింది. తమను సరిగా సంప్రదించలేదన్నది వారి ఫిర్యాదు. ఈ అనుమతుల వలన నేరుగా కలిగే ప్రభావాన్ని మాత్రమే చూడాలి, పూర్వం జరిగినవాటిని ఇందులోకి లాగకూడదన్నది ప్రభుత్వ వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని ఆ లెక్కన, నిన్నటిదాకా జరిగిన నష్టం ఎప్పటికప్పుడు మాఫీ అవుతూ, ప్రతి కొత్త తవ్వకమూ చిన్నదిగానే కనిపిస్తుంది. పదకొండింటిలో పోయేవి ఎన్ని కనుక?

2010లో క్రింది న్యాయస్థానం సమాజం పక్షాన తీర్పునిచ్చింది. 2011లో అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పులోని ఒక ఆదేశాన్ని తొలగించినా, సంప్రదింపులు సక్రమంగా జరగలేదన్న అంశాన్ని ఖాయపరచింది. ప్రధాన న్యాయమూర్తి ఫించ్ వ్రాసిన దాని సారమిది: గతాన్ని చూడడం పాత తప్పులకు పరిహారం ఇప్పించడానికి కాదు, నేటి స్థితి ఎంత సున్నితమైనదో గ్రహించడానికి. ముగ్గురు న్యాయమూర్తులలో ఒకరు విభేదించారు. పెద్దల జ్ఞాపకాలలోని సముద్రానికి, అధికారుల కాగితంలోని పదకొండుకు నడుమ దూరాన్ని కొలవకుండా ఆ పదకొండుకు అర్థం లేదని ఒక కోర్టు ఒప్పుకోవడం సామాన్య విషయం కాదు.

అయినా బర్న్ట్ పైన్ మంద బ్రతకలేదు. కొద్ది సంవత్సరాలలోనే అంతరించినదాని కింద జమకట్టారు.

పొరుగున క్లిన్సే-జా మంద మిగిలింది. 2013లో దాని సంఖ్య 38. మరుసటి ఏడు వెస్ట్ మోబర్లీ, సోల్టో సమాజాలు కలిసి కొండ మీద ఒక పురుడుశాల కట్టాయి. చలికాలం చివర చూలుతో ఉన్న ఆడ కారిబూలను హెలికాప్టర్ నుండి వల వేసి పట్టి, కంచె లోపలికి చేర్చి, కూన కాస్త నిలదొక్కుకునేదాకా మనుషులు కాపలా కాస్తారు. మేతకు లైకెన్‌ను ఊరివారు చేతులతో ఏరి సంచులకెత్తుతారు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకు చేసే సేవ గుర్తుకు వస్తుంది.

అదే కాలంలో తోడేళ్ళనూ చంపారు. ఈ మాట దాచి కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. పురుడుశాల, తోడేళ్ళ వధ రెండూ కలిస్తేనే 2021 నాటికి మంద 101కి చేరింది. మనం విరిచిన తూకాన్ని సరిచేయడానికి తోడేలు ప్రాణం చెల్లించవలసి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నేలను కాపాడకుండా ఇది ఎంతకాలం సాగినా వ్యర్థమే.

అందుకే 2020 ఫిబ్రవరిలో ఆ రెండు సమాజాలకు, కెనడా, బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వాలకు మధ్య ఒప్పందం కుదిరింది. అంతకు ముందు ఏడాది రంపపు మిల్లుల ఊళ్ళలో పెద్ద అలజడి రేగింది. ఉపాధి పోతుందన్న భయం న్యాయమైనదే. ఆ భయం మాటున ఆదివాసుల మీద వెలువడిన దూషణలు మాత్రం కావు. 2024లో క్లిన్సే-జా పార్కును దాదాపు రెండు లక్షల హెక్టార్లకు విస్తరించారు.

నూరు దాటిన మంద ఒక ప్రజ ఆకలి తీర్చే మంద కాదు. 1914లో చేరిన ఒడంబడిక వేట గురించి. ఆ వేట మళ్ళీ సాగాలంటే ఎన్ని కారిబూలు కావాలో ఆ పెద్దల మనుమలు ఇప్పుడు లెక్క కడుతున్నారు.