పాదువా ఓషధీవనం

అమరకోశంలోని వనౌషధివర్గాన్ని నేను చెట్లు చూడకుండానే వల్లెవేశాను. పర్యాయపదాలు తడుముకోకుండా అప్పజెప్పగలిగేవాణ్ణి. ఒకనాడు తరగతిలో పాటలి అంటే కలిగొట్టు అని అర్థం చెప్పాను. "ఎలా ఉంటుందండీ మాస్టారూ?" అని ఒక పిల్లవాడు అడిగాడు. కలిగొట్టునూ నేను చూడలేదు. పాఠం ముందుకు నడిపించాను.

పదహారవ శతాబ్దిలో ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో ఇదే చిక్కు వచ్చింది. అక్కడ 1533లో మూలికల బోధనకు ప్రత్యేకంగా ఒక ఆచార్యపీఠం ఏర్పడింది. తొలి ఆచార్యుడు ఫ్రాన్చెస్కో బొనఫేదే. పాఠమేమో డియోస్కోరిడీస్ వంటి ప్రాచీన గ్రీకు వైద్యుల మాటలు. దాదాపు పదిహేనువందల ఏళ్ళ క్రితం ఆయన వర్ణించిన మొక్క ఏదో, అంగట్లో అమ్మే ఎండువేరు ఏదో పోల్చుకోవడమెలా? ఒకదానికి బదులు మరొకటి అంటగట్టే వర్తకులకు కొదవ లేదు. వేరు మారితే రోగి ప్రాణానికే ముప్పు. శిష్యులకు సజీవమైన మొక్కనే చూపాలన్న బొనఫేదే విన్నపాన్ని మన్నించి, వెనిస్ సెనేట్ 1545 జూన్ 29న ఉద్యానస్థాపనకు ఆమోదం తెలిపింది. పీసాలోని తోట ఇంతకంటె కొంచెం పాతదే. కాని అది తరువాత స్థలం మారింది. పాదువా తోట పుట్టినచోటనే ఉన్నది. 1997లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వెనిస్ ఓడలు ఎక్కడెక్కడి మొక్కలనో తెచ్చేవి. ఓషధులు విలువైనవి కావడంతో రాత్రివేళ దొంగలు పడేవారు. జరిమానా, చెర, దేశబహిష్కారం అన్నా భయపడలేదు! చివరకు 1552లో చుట్టూ గుండ్రని గోడ కట్టారు.

నాకు ఎక్కువ ఇష్టుడు ప్రాస్పెరో ఆల్పీని. 1580లలో ఈజిప్టులో మూడేళ్ళు ఉండి, 1592లో అక్కడి మొక్కలపై గ్రంథం ప్రకటించాడు. కాఫీ చెట్టు బొమ్మ ఐరోపా చదువరుల కంటబడింది అందులోనే. ఖర్జూరంలో ఆడ మగ చెట్లు వేరనీ, మగపూల పుప్పొడి తగిలితేనే ఆడచెట్టు కాస్తుందనీ ఆయన వ్రాశాడు. ఈజిప్టు తోటమాలులకు అది తాతలనాటి పని. ఆల్పీని దానిని చూచి, విని, నేర్చుకొని వచ్చాడు. తరువాత ఈ వనానికే అధిపతి అయ్యాడు.

1585లో నాటిన ఒక తాటిజాతి చెట్టు అక్కడ నేటికీ గాజుగృహంలో ఉన్నది. అడుగున ఆకులు సాదాగా ఉండి, పైకి పోయినకొద్దీ విసనకఱ్ఱలా చీలడాన్ని 1786లో జర్మన్ కవి గేటే చూచి, తోటమాలిచేత కోయించుకొని వెంట తీసుకుపోయాడు. 1790లో మొక్కల రూపపరివర్తనపై పుస్తకం వ్రాశాడు. కవికి ఆకు దొరికింది, పండితుడనైన నాకు పేరు మాత్రమే మిగిలింది.

కలిగొట్టును ఉద్యోగవిరమణ తరువాత చూశాను. చూపినవాడు ఒక మేకల కాపరి. చెట్టు క్రింద పూలు రాలి ఉన్నాయి.