మడత టాపు కథ

రిక్షా టాపును ఎత్తుటయు దించుటయు మనలో చూడనివారుండరు. చినుకు పడగానే రిక్షావాడు బండి వెనుకకు పోయి, రెండు చేతులతో రెండు ప్రక్కలను పట్టి టాపును ముందునకు లాగును. ఒక చేయి తొందరపడినచో కమ్మీ వంకర తిరిగి అడ్డుపడును. అతడు వెంటనే చేయి నిలిపి, వెనుకబడిన ప్రక్కను సరిచేసి మరల లాగును. ఈ పనికి కావలసిన బలము కొంచెము, పొందిక ఎక్కువ.

మోటారు కారు టాపును యంత్రముచేత ఎత్తింపబూనిన పాశ్చాత్య శిల్పులకు మొదటినుండి ఎదురైన చిక్కు ఈ పొందికయే. బలము ఎంత కావలసిన అంత యంత్రమీయగలదు. రెండు ప్రక్కలను సమముగా నడపుట, ఒక పని ముగిసిన పిమ్మటనే రెండవదానిని మొదలుపెట్టుట, అడ్డు తగిలినచో ఆగుట, ఈ మూడును దానికి నేర్పవలసియుండెను. పాత స్పోర్ట్సు కారు టాపు చెడినప్పుడు బాగుచేయువాడు వెదకవలసినదియు ఈ మూటిలో ఏది తప్పినదనియే.

ఈ చరిత్రలో ముందుగా స్మరింపదగినవాడు ఫ్రాన్సు దేశీయుడగు జార్జ్ పోలాన్. అతడు దంతవైద్య వృత్తినుండి కార్ల రూపకల్పనకు వచ్చినవాడు. గుడ్డ టాపును విడిచి, లోహపు కప్పునే ఏకఖండముగా వెనుకకు జరిపి, వెనుక మూతక్రింద దాచు పద్ధతి నతడు కల్పించెను. ప్యూజో కంపెనీవారు దానితో ఎక్లిప్స్ అను పేరుగల కార్లను చేసిరి. 1935 నాటి 402 ఎక్లిప్స్ కారులో కప్పును విద్యుత్తు కదలించెడిది. మరుసటి యేడు వచ్చిన పొడవైన కారులో మాత్రము వారు దానిని మరల చేతిపనిగానే యుంచిరి. పోలాన్ దీర్ఘాయువు పొందలేదు. జర్మనులు ఫ్రాన్సును ఆక్రమించిన కాలమున అతడు రహస్యముగా బ్రిటిషువారికి తోడ్పడెను. జర్మనులు అతనిని పట్టుకొని 1942 మార్చిలో కాల్చి చంపిరి.

అమెరికాలో 1939 సంవత్సరపు ప్లిమత్ కారు గుడ్డ టాపుకు యంత్రసహాయము కల్పించెను. ఎంజిను గాలిని పీల్చునప్పుడు కలుగు శూన్యబలమే అందు టాపునెత్తు శక్తి. ఉపాయము చౌకయైనదే కాని, ఎంజిను నడచుచున్నగాని టాపు కదలదు. రబ్బరు గొట్టమున చిన్న పగులు పడినను బలము సన్నగిల్లును.

యుద్ధానంతరము నూనె పద్ధతి వ్యాపించెను. ఒక విద్యుత్ మోటారు పంపును త్రిప్పును. పంపు నూనెను రెండు ప్రక్కలనున్న సిలిండర్లలోనికి నెట్టును. మోటారు ఒక దిక్కున తిరిగినచో టాపు లేచును, ఎదురు దిక్కున తిరిగినచో దిగును. జనరల్ మోటార్స్ వారి హైడ్రో-లెక్ట్రిక్ అను ఏర్పాటులో ఒకే పంపు టాపును, కిటికీ అద్దములను, ముందరి ఆసనమును కూడ కదలించెడిది. అందు వాడినది బ్రేకు ఆయిలు. అది గాలిలోని తేమను పీల్చుకొనును. తేమచేత సిలిండర్లు లోలోపల త్రుప్పుపట్టును. కారిన నూనె రంగును తినివేయును. అందుచేత తరువాతి కార్లలో గేరు పెట్టెలకు వాడు పలుచని నూనెను వాడసాగిరి. 1956లో షెవ్రొలే కార్వెట్ స్పోర్ట్సు కారుకు కోరినవారికి యంత్రపు టాపును అమర్చి యిచ్చిరి.

నూనెకొక స్వభావము కలదు. ఎచ్చట అడ్డు తక్కువయో అచ్చటికే ముందుగా పోవును. ఒక ప్రక్క కీలు బిగుసుకొన్నచో రెండవ ప్రక్క ముందుగా లేచి చట్రమును మెలిపెట్టును. యజమాని పంపు చెడినదనుకొని క్రొత్త పంపును కొని వేయించును. బలమైన పంపు వంకరను మరింత పెంచును. కనుక నేర్పరియగు మేస్త్రీ మొదట చెవి యొగ్గి వినును. మోటారు పలుకక మౌనముగా నున్నచో ఫ్యూజు, రిలే, మీట, బ్యాటరీ, ఈ నాలుగింటిని చూచును. మోటారు మ్రోగుచు టాపు కదలనిచో నూనె మట్టమును, కారు జాడలను చూచును. అదరుచు లేచినచో నూనెలో గాలి చేరినదని అనుమానించును. ఒక ప్రక్కకు ఒరగినచో పంపు జోలికి పోక కీళ్లను పరీక్షించును.

వరుసక్రమము ఎంత కష్టమో 1957లో ఫోర్డు కంపెనీవారి స్కైలైనర్ కారు చాటిచెప్పెను. దాని ఉక్కు కప్పు ముందుభాగమున మడతపడి వెనుక పెట్టెలో దాగెడిది. మూత తెరచుట, తాళములు విడుట, కప్పు లేచుట, మడతపడుట, మూత మరల మూయుట, ఇన్ని పనులను ఒకదానివెనుక నొకటి నడపుటకు 10 హద్దు స్విచ్చులును, 600 అడుగులకు మించిన తీగయు కావలసివచ్చెను. ప్రతి స్విచ్చియు తన పని ముగిసినదని తరువాతిదానికి కబురు పంపును. ఒక్క కబురు అందనిచో కప్పు ఆకాశమున నిలిచిపోవును. మూడేండ్లలో 48,000 పైచిలుకు కార్లు చేసి 1959తో దానిని మానిరి.

1996లో వెలువడిన పోర్షే బాక్‌స్టర్ ఇప్పుడు పాత స్పోర్ట్సు కార్లలో చేరినది. దాని టాపున నూనె లేదు. నడుమనున్న ఒక్క మోటారు రెండు వంగు కేబుళ్లను త్రిప్పును. అవి ఇరుప్రక్కల గేరు పెట్టెలను నడపును. చేతిబ్రేకు వేయనిదే మోటారుకు విద్యుత్తు చేరదు. టాపు కదలక బెంగపడిన యజమానుల చిక్కు ఒక్కొక్కప్పుడు ఆ బ్రేకుక్రింది చిన్న స్విచ్చితోనే తీరిపోవును.

ఇంతకంటె ప్రమాదకరమైన జబ్బు వేరొకటి. ఒక ప్రక్క కేబులు కొస గాడినుండి జారినను, లేక తోపుడు కడ్డీ చివరనున్న ప్లాస్టిక్ గిన్నె పగిలినను, ఆ ప్రక్క నిలిచిపోవును, రెండవది సాగిపోవును. రిక్షావాడైనచో చేయి నిలుపును. ఇచ్చట నిలుపవలసినవాడు మీట నొక్కుచున్న యజమాని. అతడు విసుగుతో మరల మరల నొక్కినచో, అల్పమైన గిన్నెతో పోవలసిన నష్టము చట్రము దాకా ప్రాకును. వంగిన చట్రమును సరిచేయుట మిక్కిలి దుష్కరము. పాత కారుకు క్రొత్తది తెప్పించుట కారు వెలతో పోటీపడు ఖర్చు. చక్కని ఎంజినుగల బండ్లు ఈ కారణముచేతనే మూలబడుట కలదు.

సరియైన చికిత్స యిది. ముందు విద్యుత్తును తొలగింపవలెను. లేచిన చట్రమునకు గట్టి ఊత పెట్టవలెను. అటుపిమ్మటనే కమ్మీల నడుమ చేయి పెట్టవలెను, ఏలయన అవి వ్రేళ్లను నలుపగలవు. కేబుళ్లను విడదీసి, రెండు గేరు పెట్టెల చేతులను సమస్థానమునకు తెచ్చి, పగిలిన గిన్నెను మార్చి, కేబుళ్లను మరల తగిలింపవలెను. మొదటిసారి కదలించునప్పుడు ఒకరు మీట నొక్కగా వేరొకరు రెండు ప్రక్కలను కనిపెట్టి, తేడా కనబడగానే ఆపుమని కేక వేయవలెను.

గాలిపోయి నూనె వచ్చినది, నూనెపోయి కేబులు వచ్చినది. ఆ కేక వేయు మనిషి అవసరము మాత్రము పోలేదు. అట్టివానిని ప్రక్కన నిలుపుకొనకుండ చెడిన టాపు మీటపై వ్రేలు పెట్టరాదు.